కడుపు క్యాన్సర్: ఆనవాళ్లు, ఆయుష్షు లెక్కలు

◆ అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, రోచెస్టర్ ఊళ్లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి. అక్కడ విలియం మేయో ఆపరేషన్ చేస్తుంటే బల్లకు అటువైపు సహాయంగా నిలబడేది నర్సు సిస్టర్ మేరీ జోసెఫ్ డెంప్సీ. కోతకు ముందు రోగి పొట్టను శుభ్రం చేసే పని కూడా ఆమెదే. ఏళ్ల తరబడి ఆ పని చేస్తూ చేస్తూ ఆమె ఒకటి పసిగట్టింది. బొడ్డు దగ్గర గట్టిగా చిన్న గడ్డ చేతికి తగిలిందంటే, లోపల క్యాన్సర్ అప్పటికే పొట్టంతా పాకిపోయి ఉంటోంది. మేయో ఈ సంగతిని 1928లో అచ్చువేయించాడు. 1949లో ఇంగ్లండ్ సర్జన్ హామిల్టన్ బెయిలీ తన పాఠ్యపుస్తకంలో ఆ గడ్డకు ఆమె పేరే పెట్టాడు. వైద్య విద్యార్థులు నేటికీ ఆ పేరుతోనే చదువుకుంటున్నారు. వైద్యంలో డాక్టర్ల పేర్లు మోసే జబ్బులు, గుర్తులు కొల్లలు. నర్సు పేరు మోసేవి ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి.

ఇప్పుడు ల్యాబ్ రిపోర్టుల నిండా కనిపించే ‘బయోమార్కర్’ ఈ వరసలోదే. శరీరంలో పట్టుకుని, కొలిచి చెప్పగల ఆనవాలు ఏదైనా బయోమార్కరే. రోగం ఉందా, ఎంత ముదిరింది, ఏ మందుకు లొంగుతుంది, మనిషి ఎన్నాళ్లు ఉంటాడు? ఈ నాలుగు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి అది జవాబు చెబుతుంది. ఒకే ఆనవాలు నాలుగింటికీ జవాబు చెబుతుందనుకుంటేనే చిక్కు. రిపోర్టు చేతికొచ్చాక ఇళ్లలో మొదలయ్యే ఆందోళనలో సగం దానివల్లే.

◆ ఎడమ కాలర్‌బోన్ పైన చిన్న బిళ్ల కట్టినా ఒకప్పటి డాక్టర్ల చేతులు కడుపు మీదికి వెళ్లేవి. జర్మనీలో రుడాల్ఫ్ విర్కో 1848లో ఈ సంబంధాన్ని వివరించాడు. ఫ్రాన్స్‌లో ట్రాయ్‌జియే 1889లో మరింత వివరంగా చెప్పాడు. మరి ఎడమ పక్కే ఎందుకు? పొట్టలోని లింఫు ద్రవాన్ని పైకి తెచ్చే పెద్ద నాళం మెడ దగ్గర ఎడమ వైపే రక్తనాళంలో కలుస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ దారినే పైకొచ్చి అక్కడి లింఫు గ్రంథిలో చిక్కుకుంటాయి. ఈ బిళ్లలో క్యాన్సర్ ఉందంటే నేటి లెక్కల్లోనూ నాలుగో స్టేజే.

◆ పారిస్ వైద్యుడు అర్మాండ్ ట్రూసో 1865లో తన పాఠాల్లో ఓ మాట చెప్పాడు. కాళ్ల సిరల్లో ఊరికే రక్తం గడ్డలు కట్టి, ఒకచోట తగ్గి మరోచోట లేస్తుంటే, లోపల ఎక్కడో క్యాన్సర్ దాగి ఉందేమోనని అనుమానించాలని. రెండేళ్లు తిరక్కుండా అలాంటి గడ్డ ఆయన సిరలోనే కనిపించింది. ఇక తన పని అయిపోయినట్టేనని శిష్యుడితో తేల్చి చెప్పాడు. 1867లో కడుపు క్యాన్సర్‌తోనే పోయాడు. తాను కనిపెట్టిన గుర్తును తన ఒంటి మీదే చదువుకున్నవాడు వైద్య చరిత్రలో ఇంకెవరైనా ఉన్నా బహుశా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

◆ ఫ్రీడ్రిష్ క్రూకెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు 1896లో అండాశయంలో ఓ కొత్త రకం కణితిని వర్ణించాడు. అది అండాశయంలోనే పుట్టిందనుకున్నాడు. కాదని తర్వాత తేలింది. వాటిలో ఎక్కువ భాగం కడుపు నుంచి వలస వచ్చినవే. పేరు మాత్రం ఆయనదే మిగిలింది.

◆ నెపోలియన్‌కు విషం పెట్టారన్న కథ ఇప్పటికీ చావలేదు. 1821 మేలో సెయింట్ హెలీనా దీవిలో ఆయన చనిపోయిన మర్నాడే శవాన్ని కోసి చూశారు. కడుపులో పెద్ద పుండు, దాని చుట్టూ గట్టిపడిన కణజాలం కనిపించాయి. 2007లో కొందరు పాథాలజిస్టులు ఆ పాత నివేదికలను ముందేసుకుని, ఇవాళ్టి రోగికి ఇచ్చినట్టే చక్రవర్తికీ స్టేజి ఇచ్చారు. టీ3, ఎన్1, ఎం0. గడ్డ కడుపు గోడలోకి లోతుగా దిగింది, పక్క గ్రంథులకు పాకింది, దూరపు అవయవాలకు మాత్రం చేరలేదు అని దానర్థం. ఈ కాలపు ఆసుపత్రిలో చేరి ఉన్నా ఆయనకు పెద్ద ఆశ ఉండేది కాదన్నారు. ఆర్సెనిక్ కథ చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, శవపరీక్ష పక్కన పెడితే నిలబడదు.

◆ కడుపు క్యాన్సర్‌ను కోసి తీసేసి, మిగిలిన కడుపును పేగుకు కలిపి కుట్టి, రోగిని బతికించిన మొదటి సర్జన్ థియోడర్ బిల్‌రోత్. వియన్నాలో, 1881 జనవరి 29న. ఆ రోగి ఆపరేషన్ నుంచి కోలుకుంది. సుమారు నాలుగు నెలలకు క్యాన్సర్ తిరగబెట్టి కన్నుమూసింది. గ్రంథులకు పాకిందో లేదో లెక్కగట్టే పద్ధతి ఆ రోజుల్లో లేదు.

ఇప్పుడు ఉంది, అదీ అక్షరాలా లెక్కే. ఆపరేషన్‌లో తీసిన ముక్కలోంచి పాథాలజిస్టు గ్రంథులను ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమి ఏరి, కోసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఒకటి రెండింట్లో క్యాన్సర్ ఉంటే ఎన్1. మూడు నుంచి ఆరు వరకు ఎన్2. ఏడు, ఆపైన ఎన్3. కనీసం 16 గ్రంథులైనా చూడాలి, 30 చూస్తే ఇంకా మంచిదని నియమం. కడుపు క్యాన్సర్‌లో ఆయుష్షు గురించి నమ్మకంగా చెప్పగల ఆనవాలు ఏదని అడిగితే, ఖరీదైన జన్యుపరీక్షలన్నిటికంటే ముందు నేను ఈ ఏరివేతనే చెబుతాను. ఆ పనికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు, ఓపికున్న మనిషి చాలు.

◆ ఆ ఓపిక గణాంకాలతో ఎంత చిత్రం చేయించగలదో చూడండి. ఒక ఆసుపత్రిలో ఎనిమిది గ్రంథులే చూశారు, క్యాన్సర్ రెండింట్లో దొరికింది. రోగి రెండో స్టేజిలో పడ్డాడు. అదే మనిషికి ముప్ఫై గ్రంథులు చూసి ఉంటే ఏడింట్లో దొరికేది, మూడో స్టేజికి వెళ్లేవాడు. ఇలాంటివాళ్లందరినీ రెండు నుంచి మూడుకు మార్చామనుకోండి. దాగి ఉన్న ముదురు కేసులు వెళ్లిపోయాయి కాబట్టి రెండో స్టేజి సగటు ఆయుష్షు పెరుగుతుంది. తమకంటే నయంగా ఉన్నవాళ్లు వచ్చి చేరారు కాబట్టి మూడో స్టేజి సగటూ పెరుగుతుంది. ఎవరూ ఒక్కరోజు కూడా అదనంగా బతకలేదు, పట్టిక మాత్రం కళకళలాడుతుంది!

ఆల్వన్ ఫైన్‌స్టీన్ అనే వైద్యుడు 1985లో దీనికి విల్ రోజర్స్ అనే అమెరికన్ హాస్యనటుడి పేరు పెట్టాడు. ఓక్లహామా వాళ్లు కాలిఫోర్నియాకు వలసపోవడంతో రెండు రాష్ట్రాల్లోనూ సగటు తెలివి పెరిగిందని రోజర్స్ పేరిట ఒక జోకు ఉంది మరి. జపాన్ సర్జన్లు గ్రంథులను విస్తారంగా తీస్తారు. అందుకే జపాన్ పట్టికలనూ పాశ్చాత్య దేశాల పట్టికలనూ పక్కపక్కన పెట్టి స్టేజికి స్టేజి పోల్చేటప్పుడు నిపుణులు ఈ జోకును గుర్తుచేసుకుంటారు. తేడా అంతా దీనివల్లే కాదు. కొంత మాత్రం దీనిదే.

◆ పరిశోధన పత్రాల్లో మెట్లుమెట్లుగా కిందికి దిగే గీత ఉంటుంది చూడండి, దాని పేరు కప్లాన్-మేయర్ రేఖ. ఎడ్వర్డ్ కప్లాన్, పాల్ మేయర్ వేర్వేరుగా కనిపెట్టారు. ఒకే పత్రికకు వేర్వేరుగా పంపితే కలిపి రాయమన్నారు, 1958లో వచ్చింది. గీతలో ప్రతి మెట్టూ ఒక మరణం. గీత సగానికి దిగిన చోటును ‘మీడియన్’ అంటారు. ‘మీడియన్ పదమూడు నెలలు’ అంటే సగంమంది అంతకు ముందే పోయారు, మిగతా సగం ఆ తర్వాతా ఉన్నారని. రోగికి పదమూడు నెలలే గడువని కాదు. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో వేరే రకం క్యాన్సర్ వచ్చినప్పుడు పుస్తకాల్లో చూస్తే మీడియన్ ఎనిమిది నెలలుంది. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికాడు.

◆ కురొసావా సినిమా ‘ఇకిరు’ 1952లో వచ్చింది. కథానాయకుడు కడుపు క్యాన్సర్ వచ్చిన మునిసిపల్ అధికారి. డాక్టర్ అతడితో చిన్న అల్సరేనని అబద్ధం చెబుతాడు. తమాషా ఏమిటంటే, డాక్టర్ అలా చెబితే ఏమని అర్థం చేసుకోవాలో బయట వరండాలో ఇంకో పేషెంటు ముందే చెప్పేసి ఉంటాడు. రోగి దగ్గర రోగం పేరు దాచి, కొడుకులకు మాత్రం విడిగా చెప్పే అలవాటు మన ఆసుపత్రుల్లోనూ పోలేదు.

◆ ఫిన్లండ్ పాథాలజిస్టు పెక్కా లారెన్ 1965లో కడుపు క్యాన్సర్లను రెండుగా చీల్చాడు. ఒకటి పేగు గోడను పోలిన గ్రంథుల రూపంలో గడ్డకట్టి పెరిగేది. రెండోది కణాలు విడివిడిగా చెదిరి, గోడలో పాకిపోయేది. రెండో రకం ముదిరితే కడుపు సాగడం మానేసి తోలుసంచిలా బిగుసుకుంటుంది. పాకడమంతా పైపొర కింద జరుగుతుంది కాబట్టి ఎండోస్కోపీలో ముక్క తీసినా కొన్నిసార్లు ‘క్యాన్సర్ లేదు’ అని వస్తుంది. అరవై ఏళ్లు దాటినా లారెన్ విభజనను రిపోర్టుల్లో రాస్తూనే ఉన్నారు.

ఆ చెదిరే రకానికి మూలం న్యూజీలండ్‌లో దొరికింది. ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసువాళ్లు కడుపు క్యాన్సర్‌తో పోతున్నారు. ఆ ఇంటివాళ్లే పూనుకుని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులతో చేతులు కలిపారు. 1998లో ప్యారీ గిల్ఫర్డ్ బృందం తప్పు ఎక్కడుందో పట్టుకుంది. సీడీహెచ్1 అనే జన్యువులో. అది తయారుచేసే ఈ-క్యాడరిన్ అనే ప్రోటీన్, గోడలో ఇటుకలను పట్టి ఉంచే సున్నంలా, కణాన్ని కణానికి అతికిస్తుంది. అది లేకపోతే కణాలు చెల్లాచెదురైపోతాయి.

ఇక్కడ ఆనవాలు రోగం రాకముందే కనిపిస్తోంది. ఆ లోపం ఉందని తేలినవాళ్లలో చాలామంది ఆరోగ్యంగా ఉండగానే కడుపు మొత్తం తీయించుకుంటున్నారు. అలా తీసిన కడుపులను శ్రద్ధగా కోసి చూస్తే దాదాపు ప్రతిదాంట్లోనూ కంటికి ఆనని క్యాన్సర్ చుక్కలు దొరుకుతున్నాయి. కడుపు లేకుండా బతకొచ్చా? బతకొచ్చు. అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి. బీ12 విటమిన్ జీవితాంతం బయటి నుంచి అందించాలి.

◆ ఇంకో కుటుంబ కథ దీనికి వందేళ్లు ముందుది. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఓ కుట్టుపనిచేసే యువతి, తమ ఇంట్లో అందరూ కడుపు, పేగు, గర్భసంచి క్యాన్సర్లతో పోతున్నారనీ, తానూ అలాగే పోతాననీ పాథాలజిస్టు ఆల్‌డ్రెడ్ వార్తిన్‌కు చెప్పింది. అలాగే పోయింది కూడా. వార్తిన్ ఆ ఇంటి వంశవృక్షం గీసి 1913లో ప్రచురించాడు. దాన్నే ఇవాళ లించ్ సిండ్రోమ్ అంటున్నాం. కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏలో పడే అచ్చుతప్పులను దిద్దే యంత్రాంగం వీళ్లలో చెడిపోతుంది. దిద్దుబాటు లేక తప్పులు పేరుకుపోయిన కణితినే రిపోర్టుల్లో ‘ఎంఎస్‌ఐ హై’ అని రాస్తారు. వంశంలో లేకపోయినా ఈ లోపం కణితిలో తనంతట తానే రావచ్చు. కడుపు క్యాన్సర్లలో ఎక్కువగా జరిగేది అదే.

పేరు వింటే భయమేస్తుంది కదా? నిజానికి ఆపరేషన్ చేయగల దశలో కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇది మంచి కబురే. ఈ రకం వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతున్నారు. అసలు మలుపు ఆ తర్వాత ఉంది. బ్రిటన్‌లో మ్యాజిక్ అనే ప్రసిద్ధ ప్రయోగం జరిగింది. ఆపరేషన్‌కు ముందూ వెనకా కీమో ఇస్తే అయిదేళ్లు బతికేవాళ్లు 23 నుంచి 36 శాతానికి పెరిగారని 2006లో అది తేల్చింది. దాచి ఉంచిన ఆ కణితి ముక్కలను 2017లో మళ్లీ తీసి పరీక్షించారు. ఎంఎస్‌ఐ హై ఉన్న కొద్దిమందిలో లెక్క తలకిందులైంది. ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవాళ్లు బాగున్నారు, కీమో కూడా తీసుకున్నవాళ్లు అంత బాగాలేరు. సంఖ్య చిన్నదే. అయినా తర్వాత వచ్చిన పరిశీలనలు కూడా పాత తరహా కీమోతో వీళ్లకు ఒరిగేది తక్కువేనన్నాయి. ఇమ్యునోథెరపీకి మాత్రం ఈ కణితులు బాగా లొంగుతాయి. క్యాన్సర్ ఏ అవయవంలో పుట్టిందని చూడకుండా, ఈ ఒక్క ఆనవాలు చూసి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు అమెరికా 2017 మేలో అనుమతినిచ్చింది. అవయవాన్ని బట్టి కాక ఆనవాలును బట్టి అనుమతి పొందిన మొదటి క్యాన్సర్ మందు అదే.

◆ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థలో నడిపిన బృందం నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. 1980లలో దాన్ని మరో రెండు మందులతో కలిపి ముదిరిన కడుపు క్యాన్సర్‌కు ఇచ్చేవారు. అప్పట్లో కణితిని ఏ రకానివి నువ్వు అని అడిగే దారి లేదు. వచ్చినవాళ్లందరికీ అదే మందు.

◆ అడగడం హెర్2తో మొదలైంది. రొమ్ము క్యాన్సర్‌లో పేరుమోసిన ఈ ప్రోటీన్ కొన్ని కడుపు క్యాన్సర్లలోనూ కణాల మీద గుంపుగా ఉంటుంది. టోగా అనే ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. కీమోకు హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు జోడిస్తే మీడియన్ ఆయుష్షు 11.1 నుంచి 13.8 నెలలకు పెరిగింది. మూడు నెలలు కూడా పూర్తిగా లేదే అనిపిస్తుంది. కానీ హెర్2 బలంగా ఉన్నవాళ్లను విడిగా చూస్తే 11.8కి 16. ఆనవాలు ఎంత కచ్చితంగా చదివితే మందు అంత పనికొచ్చింది.

చదవడంలోనూ పేచీ ఉంది. రొమ్ము కణితిలో హెర్2ను చూపించే రంగు కణం చుట్టూ పూర్తిగా పట్టాలి. కడుపు కణితిలో పక్కలకూ అడుగుకూ పట్టి పైన ఖాళీగా ఉన్నా లెక్కలోకి తీసుకోవాలి. పైగా ఒకే గడ్డలో ఒకచోట హెర్2 ఉంటుంది, పక్కనే ఉండదు. అందుకే ఒకటి రెండు కాదు, ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయమంటారు. ఇంకో విశేషం, హెర్2 ఉంటే కడుపు క్యాన్సర్ రోగి ఆయుష్షు తక్కువా ఎక్కువా అన్నదానిపై అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగవు. మందు ఎంచుకోవడానికి మేటి, జాతకం చెప్పడానికి కాదు.

◆ క్లాడిన్ 18.2 కథ నాకు భలే నచ్చుతుంది. ఇది మామూలు కడుపు లోపొరలో కణాల మధ్య సందులను బిగించి ఉంచే ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు సందుల్లో ఒదిగి ఉంటుంది, మందుకు చిక్కదు. క్యాన్సర్ వచ్చి కణాల కట్టు చెదిరితే బయటపడుతుంది. దాన్ని పట్టుకునే జోల్‌బెటుక్సిమాబ్ మందుకు జపాన్ 2024 మార్చిలో, అందరికంటే ముందు అనుమతినిచ్చింది. పరీక్షించినవాళ్లలో 38 శాతం మందిలో ఈ ఆనవాలు దొరికింది. దుష్ఫలితం కూడా ఊహించినట్టే ఉంది. మందు మంచి కడుపు పొరనూ కొంత తాకుతుంది కాబట్టి వాంతులు ఎక్కువ. కడుపు మొత్తం తీసేసినవాళ్లకు అవి తక్కువ.

◆ కడుపు క్యాన్సర్లలో సుమారు తొమ్మిది శాతంలో ఎప్స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. 2014లో 295 కణితుల జన్యువులు చదివి నాలుగు తెగలు చేసినప్పుడు ఇదొక తెగగా నిలిచింది. వైరస్ ఉన్నవాళ్ల భవిష్యత్తే మిగతా తెగలకంటే మెరుగ్గా ఉంటోంది.

◆ కడుపు క్యాన్సర్‌తో ముడిపడిన హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా మీద నోబెల్ వచ్చింది 2005లో. అది కడుపులో మంట పుట్టిస్తుందని నిరూపించడానికి 1984లో బారీ మార్షల్ బాక్టీరియాను తానే తాగేశాడు. కడుపు క్యాన్సర్‌కు అంతకుముందూ ఒక నోబెల్ ఉంది. 1926 బహుమతి, ఎలుకల కడుపులో ఓ పురుగు క్యాన్సర్ తెప్పిస్తుందన్న యోహానెస్ ఫిబిగర్‌కు. అది తప్పని తర్వాత తేలింది. భారతీయుల్లో హెలికోబాక్టర్ చాలామంది కడుపుల్లో ఉంటుంది, కడుపు క్యాన్సర్ మాత్రం ఆ మేరకు లేదు. మిజోరం వేరు. దేశంలోకెల్లా ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న చోటు అదే. పొగాకు పొగను నీళ్లలోకి పట్టి ‘తుయిబుర్’ పేరుతో పుక్కిలించే అలవాటు మీద అక్కడి పరిశోధకుల చూపు పడింది.

◆ ‘ఏ’ గ్రూపు రక్తం ఉన్నవాళ్లలో కడుపు క్యాన్సర్ కాస్త ఎక్కువని బ్రిటన్‌లో 1953లో తేల్చారు. తేడా స్వల్పం. దానికోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

◆ ఇక రక్తంలో చూసే సీఈఏ, సీఏ 19-9 సంగతి. సీఈఏను మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ 1965లో కనిపెట్టారు, పేగు క్యాన్సర్‌లో. రోగం ఉన్నట్టు తేలినవాళ్లలో ఇవి బాగా పెరిగి ఉంటే వ్యాధి ముదిరిందనడానికి సూచన. ఆపరేషన్ తర్వాత తగ్గి మళ్లీ పెరుగుతుంటే తిరగబెట్టిందేమో చూడాలి. అంతవరకే వీటి పని. తొలిదశ కడుపు క్యాన్సర్‌లో చాలామందికి ఇవి మామూలుగానే ఉంటాయి. పొగతాగేవాళ్లలో ఏ క్యాన్సరూ లేకుండానే సీఈఏ కాస్త ఎక్కువ ఉండొచ్చు. లూయిస్ రక్తవర్గం లేనివాళ్లు, అంటే నూటికి అయిదు నుంచి పదిమంది, సీఏ 19-9ను దాదాపు తయారుచేయలేరు. కడుపు నిండా క్యాన్సర్ ఉన్నా వాళ్ల రిపోర్టు సున్నాకు దగ్గర్లోనే ఉంటుంది. ఏ బాధా లేని మనిషికి ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలో ఈ రెండూ కలిపి అమ్మడం నా దృష్టిలో దండగ. లేని భయం అంటగడుతుంది, లేదా లేని ధైర్యం ఇస్తుంది. అనుమానం ఉంటే ఎండోస్కోపీ చేయించుకోవాలి. కొరియాలో నలభై దాటినవాళ్లకు రెండేళ్లకోసారి ఆ పరీక్ష అందుబాటులో ఉంది. తొలిదశలో పట్టుకుంటే అక్కడా జపాన్‌లోనూ నూటికి తొంభైమందికి పైగా అయిదేళ్లు దాటుతున్నారు.

◆ చవకైన ఆనవాలు ఒకటుంది. రక్తంలో ఆల్బుమిన్ గ్రాములను పదితో హెచ్చించి, లింఫోసైట్ల సంఖ్యను 0.005తో హెచ్చించి కలపండి. ఆల్బుమిన్ 4, లింఫోసైట్లు 2000 అయితే మొత్తం 50. జపాన్ సర్జన్ ఒనోడెరా 1984లో ఇచ్చిన సూత్రం ఇది. 40కి దిగువనున్నవాళ్లకు పేగు కోసి అతికే ఆపరేషన్ పెట్టుకోవద్దన్నాడు. ఏ చిన్న ల్యాబ్‌లోనైనా దొరికే రెండు అంకెలు చాలు. కడుపు క్యాన్సర్ రోగులు ఎలా కోలుకుంటారో, ఎన్నాళ్లుంటారో అంచనా వేయడానికి ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు. తిండి తగ్గి కండ కరిగిపోతున్న రోగికి ఆపరేషన్‌కు ముందు బలం పట్టించాలనడానికి ఇంతకంటే సూటి లెక్క ఏముంది!

◆ సర్జన్లు కొన్నిసార్లు పొట్టలోకి ఉప్పునీరు పోసి, కదిపి, తిరిగి తోడి ల్యాబ్‌కు పంపుతారు. కంటికి ఎక్కడా గడ్డ కనిపించకపోయినా ఆ నీళ్లలో క్యాన్సర్ కణాలు తేలాయంటే నాలుగో స్టేజిగానే లెక్క. పెద్ద ఆపరేషన్‌కు దిగే ముందే ఈ సంగతి తెలియడం ముఖ్యం.

◆ ముదిరిన కడుపు క్యాన్సర్‌లో ఇవాళ ఒకే బయాప్సీని నాలుగు ప్రశ్నలు అడుగుతున్నారు. హెర్2 ఉందా, దిద్దుబాటు యంత్రాంగం చెడిందా, ఇమ్యునోథెరపీకి సూచనైన పీడీ-ఎల్1 ఎంత, క్లాడిన్ 18.2 ఉందా. ప్రతి ప్రశ్నకూ ముక్కను పొదిగిన మైనపు దిమ్మెలోంచి కొన్ని మైక్రాన్ల మందాన పొరలు కోయాలి. ఎండోస్కోపీలో వచ్చే ముక్క గోరంత కూడా ఉండదు. నాలుగో పరీక్ష దాకా వచ్చేసరికి కణజాలం అయిపోయి, మళ్లీ గొట్టం వేయాల్సి రావడం మామూలే. మొదటిసారే తగినన్ని ముక్కలు తీయమని, దిమ్మెను జాగ్రత్తగా దాచమని అడగడం రోగి తరఫువాళ్లు చేయగల పని. ఆసుపత్రి మారినప్పుడు రిపోర్టు కాగితాలతోపాటు ఆ దిమ్మెనూ అడిగి తీసుకెళ్లాలి.